గూడు తడిగా ఉంది సరే, వెచ్చగా ఉందా?

చలి దిగింది. డాలస్‌లోనూ ఎడిసన్‌లోనూ ఇళ్లలో హీటర్లు మోగుతున్నాయి. ఇంట్లో మెట్ట తాబేలు పిల్లను పెంచుతున్నవాళ్లు ఈ రాత్రి పడుకోబోయే ముందు ఒక పని చేయాలి. దానికోసం మీరు చేసిపెట్టిన తేమ గూట్లోకి, అదే హ్యూమిడ్ హైడ్ అంటున్న ఆ ప్లాస్టిక్ డబ్బాలోకి చెయ్యి పెట్టండి. తడి ఎలాగూ తగులుతుంది. వెచ్చదనం తగులుతోందో లేదో చూడండి. చల్లగా ఉంటే లోపలి నాచంతా ఇప్పుడే తీసేయండి. రేపు చూద్దాంలే అనుకోవద్దు.

ఆ తర్వాత తలెత్తి, వేడి కోసం పైన వేలాడదీసిన దీపం చూడండి. దాన్ని పట్టి ఉంచింది ఒక్క స్ప్రింగు క్లిప్పే అయితే దాన్ని ఆర్పేసి, గది హీటరు పెంచి, తాబేలును ఈ రాత్రికి పొడి అట్టపెట్టెలో ఆ గదిలోనే పడుకోబెట్టండి. దీపం సంగతి తెల్లవారాక తీరిగ్గా సరిచేసుకోవచ్చు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. తేమ గూడు తయారీని వీడియోల్లో అయిదు నిమిషాల పనిగా చూపిస్తున్నారు. డబ్బా బోర్లించడం, పక్కన తలుపు కోయడం, తడి నాచు కూరడం, అంతే. అక్కడికి సగం పనే అయింది. మిగిలిన సగం వేడి. వేడి లేని తేమ తాబేలు ఊపిరితిత్తుల మీదికొస్తుంది. వేడి కోసం ఆదరాబాదరాగా వేలాడదీసిన దీపం ఇంటి మీదికే రావచ్చు.

గూడు అసలు వద్దని అనడం లేదు. పిల్ల తాబేలుకు అది కావాల్సిందే. అమెరికాలో పెంపకానికి విరివిగా అమ్ముడయ్యే మెట్ట తాబేళ్లలో సల్కాటా ఒకటి. దాని సొంత ఊరు సహారా ఎడారికి దక్షిణపు అంచున ఉన్న సాహెల్ ప్రాంతం. ఎడారి జంతువు కాబట్టి పొడిగా పెంచాలని చాలాకాలం పుస్తకాలు చెప్పాయి, దుకాణాలూ చెప్పాయి. ఆ మాట చెప్పినవాళ్లు నేల పైభాగాన్నే చూశారు. సల్కాటా పగటి ఎండలో బయట తిరిగేది తక్కువ. మీటర్ల లోతున బొరియ తవ్వుకుని, వెచ్చటి చెమ్మ నేలలో పడి ఉంటుంది. పొడి గదిలో, ఏసీ గాలిలో, దీపం కింద పెరిగిన పిల్లకు డిప్ప నున్నగా పెరగదు. ఒక్కో పలకా ఒక్కో చిన్న గోపురంలా పైకి లేస్తుంది. దీన్నే పిరమిడింగ్ అంటారు. ఒకసారి లేచిన గోపురం మళ్లీ అణగదు. నీళ్లు చాలక లోపల మూత్రాశయంలో రాళ్లు కట్టడం మరో బాధ.

తప్పు తిండిదని, మాంసకృత్తులు ఎక్కువైతేనే ఇలా అవుతుందని అప్పట్లో అందరూ అనుకునేవారు. 2003లో వియన్నా పరిశోధకులు అచ్చువేసిన ఫలితం ఆ నమ్మకాన్ని కదిలించింది. 50 సల్కాటా పిల్లలను అయిదు నెలలపాటు రకరకాల తేమలో, రకరకాల మాంసకృత్తుల మోతాదుతో పెంచి చూశారు. పొడిలో పెరిగినవాటికే గోపురాలు ఎత్తుగా లేచాయి. తిండి ప్రభావం స్వల్పమే. అప్పటినుంచి తేమ మాట జోరందుకుంది. అలా జోరందుకునే క్రమంలో వెచ్చదనం మాట వెనక్కి పోయింది. మా గొడవంతా అక్కడే.

కిందటి చలికాలం ఒక అపార్ట్‌మెంటులో చూసిన గూడు ఎలా ఉందో చెబుతాం. పారదర్శకమైన పెద్ద నిల్వ డబ్బా, దాని లోపల బోర్లించిన చిన్న నల్ల డబ్బా. తలుపు చక్కగా కోశారు, కత్తిరించిన అంచు గరగరలాడకుండా గరుకు కాగితంతో రుద్దారు కూడా. లోపల స్ఫాగ్నమ్ నాచు దండిగా ఉంది. గుప్పెడు తీసి పిండితే మణికట్టు దాకా నీళ్లు కారాయి. ఒక మూలన మురికి నీరు నిలిచి, పాచి వాసన వేస్తోంది. తేమ మీటరు 92 శాతం చూపిస్తోంది. ఇంటాయనకు ఆ అంకె చూపించడమంటే గర్వం. దాని పక్కనే, అదే మీటరులో చిన్న అక్షరాల్లో ఉష్ణోగ్రత 67 ఫారన్‌హీట్. సెల్సియస్‌లో 19 డిగ్రీలన్నమాట. ఆ అంకె ఆయన చూడనేలేదు. పిల్ల తల బయటికి చాచుకుని కూర్చుంది. ఎడమ ముక్కు రంధ్రం దగ్గర ఆవగింజంత బుడగ ఉబ్బుతోంది, పగులుతోంది, మళ్లీ ఉబ్బుతోంది.

గూడు తడితో నిండింది కాబట్టే అంత చల్లబడింది. నాచులోని నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే పైనుంచి వేడి అందకపోతే తడి గూడు గదికన్నా చల్లగా ఉంటుంది. తాబేలుకు మనలా సొంత ఒంటివేడి లేదు. ఒళ్లు చల్లబడితే దాని రోగనిరోధక శక్తి మందగిస్తుంది. అదే తడిలో సూక్ష్మజీవులు, బూజు నిక్షేపంలా పెరుగుతాయి. ఆ పైన ఇంకో చిక్కుంది. తాబేలుకు మనకున్నలాంటి ఉదర వితానం, డయాఫ్రం, లేదు. కాబట్టి అది దగ్గి కఫాన్ని బయటికి నెట్టలేదు. ఊపిరితిత్తుల్లో చేరింది అక్కడే పేరుకుంటుంది. మనం జలుబనుకుని ఊరుకునేలోపే అది న్యుమోనియా అయిపోతుంది.

కాబట్టి గూడు ఎలా చేయాలి?

ముందు వేడి ఏర్పాటు, తర్వాతే డబ్బా. సల్కాటా, లెపర్డ్ రకం పిల్లలకు తేమ ఎక్కువగా ఉన్నచోట పగలూ రాత్రీ 80 ఫారన్‌హీట్, అంటే సుమారు 27 సెల్సియస్, తగ్గకూడదు. గూడు ఒక్కదాన్నే వేడిచేయాలని చూడకండి. అది ఉన్న పెద్ద పెట్టె మొత్తం పైనుంచి వెచ్చబడాలి, గూడు ఆ వెచ్చదనంలో ఉండాలి. అడుగున హీట్ మ్యాట్ పరిచి దానిమీద గూడు పెట్టేవాళ్లున్నారు. మానేయండి. ప్రకృతిలో తాబేలు ఎండ ఎక్కువైతే కిందికి తవ్వుకుంటుంది. కింద చల్లగా ఉంటుందని దాని పుట్టుకే దానికి నేర్పింది. అడుగునుంచి వేడి వస్తే తప్పించుకోవడానికి ఇంకా కిందికే తవ్వి, అడుగు డిప్ప కాల్చుకుంటుంది.

డబ్బా ముదురు రంగుదైతే మేలు. తలుపు వెడల్పు తాబేలు వెడల్పుకు ఒకటిన్నర రెట్లుండాలి. పిల్ల పెరిగేకొద్దీ తలుపు పెంచుతూ పోవాలి. ఇరుకు తలుపులో ఇరుక్కుని దీపం కింద రాత్రంతా గింజుకునే ప్రమాదముంది. అంచును గరుకు కాగితంతో రుద్దండి. టేపు అంటించకండి, కొరికి మింగేస్తుంది. జిగురు, రంగు అసలు వాడొద్దు. లోపల కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, మూడు నాలుగు అంగుళాల మందాన నొక్కి పరవండి. దానిమీద నాచు వేయాలనుకుంటే పలచగా వేయండి. కొన్ని పిల్లలు నాచు తింటాయి, తిన్నది పేగులో అడ్డుపడుతుంది. మీది తింటోందని గమనిస్తే నాచు మానేసి కోకోపీట్‌తోనే సరిపెట్టండి. పెరట్లో మిగిలిన కుండీల మట్టి సంచి వంక చూడకండి. అందులో ఎరువు ఉంటుంది, తెల్లటి పెర్లైటు గింజలుంటాయి. దేవదారు, పైన్ చెక్క పొట్టు కూడా పనికిరాదు, వాటి ఘాటు నూనెలు ఊపిరికి మంచివి కావు.

ఎంత తడి? గుప్పెడు కోకోపీట్ తీసి పిండితే ముద్ద కట్టాలి, చుక్క కారకూడదు. నీళ్లు పైనుంచి చల్లే అలవాటుంటే మానుకోండి. గోరువెచ్చటి నీటిని పెట్టె మూలల్లో పోస్తే కింది పొర చెమ్మగా, పై పొర దాదాపు పొడిగా ఉంటుంది. తాబేలు పడుకునేది పై పొరమీదే. అడుగు డిప్ప ఎప్పుడూ నానుతూ ఉంటే ఎర్రబడి, మెత్తబడి, కుళ్లువాసన వేస్తుంది. వారానికోసారైనా పిల్లను తిప్పి అడుగు భాగం వాసన చూడండి. వినడానికి వింతగా ఉన్నా, డిప్ప కుళ్లును కంటికన్నా ముందు ముక్కు పట్టేస్తుంది.

ఇక మీటర్లు. గుండ్రటి ముల్లు మీటరును నమ్మొద్దు. డిజిటల్ మీటరునైనా ఒకసారి పరీక్షించాకే నమ్మండి. సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు కలిపి, ఆ మూతనూ మీటరునూ గాలి చొరని జిప్ సంచిలో పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున 75 శాతం దగ్గర చూపించాలి. 60 చూపిస్తే మీ మీటరు ఇన్నాళ్లూ మిమ్మల్ని మోసం చేసిందన్నమాట.

ఇప్పుడు నిప్పు సంగతి. ఈ హెచ్చరికలో ఇంకేది దాటేసినా ఇది మాత్రం దాటేయకండి.

రాత్రి వేడికి చాలామంది సిరామిక్ హీట్ ఎమిటర్ వాడతారు. దాని నుంచి వెలుతురు రాదు, వేడే వస్తుంది. తాబేలుకు అది మంచిదే. మనకు మాత్రం అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో కంటికి తెలియదు. దాని ఉపరితలం వందల డిగ్రీలు వేడెక్కుతుంది. ప్లాస్టిక్ హోల్డరులో బిగిస్తే హోల్డరు కరిగిపోతుంది. పింగాణీ హోల్డరే ఉండాలి, చుట్టూ ఇనుప జాలీ ఉండాలి. దాన్ని గొలుసుతో పైకప్పు కొక్కేనికో గట్టి స్టాండుకో కట్టాలి. క్లిప్పు జారినా, పిల్లలెవరైనా తగిలినా గొలుసు ఆపుతుంది. క్లిప్పు ఒక్కటే ఉంటే ఎమిటర్ నేరుగా నాచులో పడుతుంది. తడిగా ఉన్నప్పుడు నాచు అంటుకోకపోవచ్చు. మీరు ఊరెళ్లిన వారాంతంలో నీళ్లు పోసేవాళ్లు లేక ఎండిన నాచు చితుకుల్లా అంటుకుంటుంది. ఎమిటర్‌ను సరిగ్గా గూడు పైన కూడా పెట్టకండి, డబ్బా మెత్తబడి కుంగుతుంది. పెట్టె పైభాగంలో బిగించే రేడియంట్ హీట్ ప్యానెల్ ఖరీదెక్కువే అయినా ఈ భయాలు చాలావరకు తీరుస్తుంది.

థర్మోస్టాట్ లేకుండా ఏ హీటరూ వద్దు. థర్మోస్టాట్ ఉన్నంత మాత్రాన నిశ్చింతా వద్దు. వేడిని కొలిచే దాని ప్రోబును తాబేలు ఎత్తులో, కదలకుండా కట్టాలి. తాబేలు ఆ తీగను లాగి ప్రోబును బయట పడేసిందనుకోండి. బయట గది చల్లగా ఉందని థర్మోస్టాట్ హీటరును ఆపకుండా మండిస్తుంది, లోపల పిల్ల ఉడికిపోతుంది. అందుకే వేరే థర్మామీటరు ఒకటి కూడా లోపల పెట్టండి. వైరు మీదుగా నీటి చుక్కలు ప్లగ్గులోకి జారకుండా, తీగను ప్లగ్గు కన్నా కిందికి వంపు తిప్పి పైకి తేవాలి. ప్లగ్గు పెట్టేది, కరెంటు లీకైతే వెంటనే ఆగిపోయే జీఎఫ్‌సీఐ సాకెట్ అయితే ఇంకా మంచిది. ఒకే ఎక్స్‌టెన్షన్ పట్టీకి గది హీటరు, తాబేలు హీటరు, రైస్ కుక్కర్ తగిలించిన ఇళ్లు మనకు తెలియనివి కావు. ఆ గదిలో పొగ అలారం ఉందా? బ్యాటరీ పనిచేస్తోందా? ఇప్పుడే నొక్కి చూడండి.

మన ఇళ్లకే ప్రత్యేకమైనవి కొన్ని ఉన్నాయి, ఇంగ్లిష్ వీడియోల్లో వాటి ప్రస్తావన రాదు. గూడు కడగడానికి ఫినాయిల్ వాడొద్దు. ఆ జాతి మందులు సరీసృపాలకు విషం. వేడినీళ్లు, సబ్బు, ఆ తర్వాత బాగా కడిగి ఆరబెట్టడం చాలు. చీమలొచ్చాయని పెట్టె దగ్గర హిట్ కొట్టొద్దు, అల్మారాలో కలరా ఉండలున్న గదిలో పెట్టొద్దు. ముక్కు కారుతోందని నీళ్లలో అమృతాంజనమో యూకలిప్టస్ నూనో కలిపి ఆవిరి పట్టించొద్దు. మనకు హాయిగా ఉండే ఆ ఘాటు దానికి ఊపిరాడకుండా చేస్తుంది. తలుపులన్నీ బిగించిన చలికాలపు ఇంట్లో సాంబ్రాణి వేస్తే ఆ పొగంతా తిరిగి తిరిగి వచ్చేది గూట్లోకే. పూజగదికి ఆనుకుని పెట్టెను ఉంచినవాళ్లు చోటు మార్చండి.

పిల్లల సంగతి కూడా. నాలుగు అంగుళాల కన్నా చిన్న డిప్ప ఉన్న తాబేళ్లను పెంపకానికి అమ్మకూడదని అమెరికాలో 1975 నుంచి నిబంధన ఉంది. చిన్నపిల్లలకు వాటినుంచి సాల్మొనెల్లా సోకడమే దానికి కారణం. అయినా రెండంగుళాల పిల్లలు అమ్ముడవుతూనే ఉన్నాయి. తేమ గూడు ఆ సూక్ష్మజీవులకు పుట్టిల్లు. గూడు కడిగిన నీళ్లు వంటింటి సింకులో పారబోయొద్దు, టాయిలెట్‌లో పోయండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో, ఇండియా నుంచి వచ్చిన పెద్దవయసు అమ్మమ్మ తాతయ్యలున్న ఇంట్లో ఇది పట్టింపుగా పాటించాలి.  

కరెంటు పోతే? 2021 ఫిబ్రవరిలో టెక్సస్ మంచు తుపానులో లక్షల ఇళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. చలికి తట్టుకోలేక బొగ్గుల గ్రిల్లు ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్లు, గరాజులో కారు నడుపుతూ కూర్చున్నవాళ్లు కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. తాబేలు కోసం కూడా ఆ పని చేయకండి. కరెంటు పోయిన మరుక్షణం మొదట ఆపాల్సింది తేమను. పిల్లను గూట్లోంచి తీసి, తువాలుతో తుడిచి, కాగితం ముక్కలు నింపిన అట్టపెట్టెలో పెట్టి, ఇంట్లో బయటి గోడలు లేని గదిలోకి మార్చండి. వెచ్చటి నీళ్ల సీసాకు మందంగా తువాలు చుట్టి, పెట్టెలో ఒక పక్కన ఉంచండి, ఒంటికి ఆనించొద్దు. చలి, పొడి ఒకట్రెండు రోజులు ఓర్చుకుంటుంది. చలి, తడి కలిస్తే ఓర్చుకోలేదు.

ఇవే వీడియోలు చూసి విజయవాడలో, హైదరాబాద్‌లో కూడా తేమ గూళ్లు చేస్తున్నారు. వాళ్లకు మా మాట వేరు. మీ ఇంట్లో ఉన్నది డిప్పమీద పసుపు నక్షత్రాలున్న తాబేలైతే డబ్బా, నాచు కొనొద్దు. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడమే నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో అది మొదటి షెడ్యూలులోకి చేరింది. శిక్ష మూడు నుంచి ఏడేళ్ల జైలు. అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం 2019లోనే మూసేసింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఎవరో చెబితే కొన్నామనడం కోర్టులో నిలబడదు. శ్రీకూర్మం ఆలయ ఆవరణలో ఉన్నాయి కదా అని అడిగేవాళ్లుంటారు. గుడిలో ఉన్నాయని మన డ్రాయింగ్ రూములోకి అనుమతి వచ్చినట్టు కాదు. అడవిలో వదిలేయడమూ పరిష్కారం కాదు. ఏ సీమ నుంచి పట్టుకొచ్చారో తెలియని జీవిని ఎక్కడో వదిలితే ఉన్నవాటికి రోగాలు అంటిస్తుంది. జిల్లా అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేసి అప్పగించండి. ఇక విదేశీ రకాలను పెంచుతున్నవాళ్లు 2024లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం దాని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకున్నారో లేదో చూసుకోండి. మీ వానాకాలంలో గాలే చెమ్మగా ఉంటుంది కాబట్టి, దానికి తోడు తడి గూడు పెట్టడం డిప్ప కుళ్లును పిలవడమే.

చివరగా, లక్షణాలు. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, మెడ పైకి చాచి పట్టుకోవడం, ఊపిరి తీస్తే కిచకిచమనడం, తిండి మానడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. కుక్కలు, పిల్లుల డాక్టర్లందరూ తాబేలును చూడరు. సరీసృపాల వైద్యుల సంఘం ఏఆర్‌ఏవీ వెబ్‌సైటులో ఊరివారీగా పేర్లు దొరుకుతాయి. జబ్బు రాకముందే ఒక నంబరు రాసిపెట్టుకోండి. ఇంట్లో మిగిలిన కుక్క మందులు, ముఖ్యంగా ఐవర్‌మెక్టిన్, ఇవ్వొద్దు. తాబేళ్లను అది చంపేస్తుంది. వెళ్లేటప్పుడు గూడు ఫొటో, రాత్రి ఉష్ణోగ్రత ఎంత ఉంటోందో రాసిన కాగితం, వంటింటి త్రాసు కాకుండా వేరే త్రాసులో తూచిన పిల్ల బరువు తీసుకెళ్లండి. అపాయింట్‌మెంటు దొరికేదాకా పెట్టె 85 ఫారన్‌హీట్ దగ్గర పగలూ రాత్రీ ఒకేలా ఉంచండి. నాచు తీసేయండి. నీటి కొరత రాకుండా రోజూ గడ్డం మునగనంత గోరువెచ్చటి నీళ్లలో పావుగంట కూర్చోబెట్టి, పొడిగా తుడిచి, మళ్లీ వెచ్చటి పెట్టెలో వదలండి.